తల్లులు పనికెళ్లే బస్తీలో పసిపిల్లల కేంద్రం పెట్టాలంటే ఏం చేయాలి?

ఎర్రకల్లం (గుంటూరు):

అందరికీ నమస్తే. నేను గుంటూరులో పొదుపు సంఘాలకు ఆర్పీగా (రిసోర్స్ పర్సన్‌గా) చేస్తున్నాను. మా బస్తీలో ఆడవాళ్లు ఎక్కువ మంది మిర్చి పనికే పోతారు. సీజన్‌లో తొడిమలు తీయడం, తాలు కాయలు ఏరడం. సీజన్ అయ్యాక కోల్డ్ స్టోరేజీల దగ్గర గ్రేడింగ్. పొద్దున ఎనిమిదికి ఆటో ఎక్కితే ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది.

మా దగ్గర అంగన్‌వాడీ ఉంది. బాగానే నడుస్తోంది, టీచర్‌కి వంక పెట్టలేం. కానీ సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. మూడేళ్లు నిండని పిల్లల్ని రోజంతా ఉంచుకునే పద్ధతి అక్కడ లేదు. వాళ్ల బాలామృతం (జావ కాచే పొడి ప్యాకెట్), గుడ్లు ఇంటికే ఇచ్చేస్తారు. మరి ఏడాదిన్నర పిల్లను తల్లి ఎక్కడ వదిలి వెళ్లాలి? కొంతమంది వెంట తీసుకుపోతున్నారు. ఆ ఘాటుకి పెద్దవాళ్లమే తుమ్మి తుమ్మి చస్తాం, పసివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంకొంతమంది తొమ్మిదేళ్ల అక్కను బడి మాన్పించి కాపలా పెడుతున్నారు.

అందుకని మేమే ఒక కేంద్రం పెట్టుకుందామని మా పొదుపు సంఘాల సమాఖ్యలో మాట వచ్చింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలు. ఒక గది, వరండా ఉన్న ఇల్లు అద్దెకు దొరికేలా ఉంది. చూసుకోవడానికి ఇద్దరు. రోజుకి ముప్పయ్యో నలభయ్యో ఇస్తామని తల్లులు అంటున్నారు. ఇలాంటిది ఎవరైనా నడిపారా? అనుమతులు ఏం కావాలి, ఖర్చు ఎంత, పిల్లలకు ఏం నేర్పాలి? తెలిసింది తెలిసినట్టు రాయండి.

శ్రీహర్ష_విజ్:

ఏదైనా మంచి ప్లే స్కూల్ ఫ్రాంచైజీ తీసుకోండి అక్కా. సిలబస్, బొమ్మలు, యూనిఫాం అన్నీ వాళ్లే ఇస్తారు. తలనొప్పి ఉండదు.

ఎర్రకల్లం:

రోజుకి నలభై ఇచ్చేవాళ్ల దగ్గరికి ఫ్రాంచైజీ వాళ్లు వస్తారా తమ్ముడూ?

పాత_సూపర్‌వైజర్ (ఏలూరు):

అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైర్ అయినదాన్ని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

అమ్మా, మీరు చెప్పిన ఇబ్బంది మీ బస్తీ ఒక్కదానిదే కాదు. ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టుల్లో మొదలైంది. అప్పటి నుంచీ దీని దృష్టి తిండి, టీకాలు, బరువు తూయడం, మూడు దాటిన పిల్లలకు ఆటపాటల చదువు మీదే ఉంది. తల్లి పనికి వెళ్తే బిడ్డను ఎవరు పట్టుకోవాలి అన్నది అందులో లేదు. 2013 ఆహార భద్రత చట్టంలో కూడా ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు ఇంటికి ఇచ్చే రేషన్, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు కేంద్రంలో వేడి భోజనం అని రాసి ఉంది. మూడేళ్లలోపు బిడ్డకు ప్యాకెట్ వస్తుంది, ఆ ప్యాకెట్ జావ కాచి తాగించే మనిషి మాత్రం పనికి పోయి ఉంటుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నెలాఖరు రిపోర్టుల్లో బాలామృతం పంపిణీ ఎప్పుడూ నిండుగా కనిపించేది. పిల్లల బరువులు మాత్రం అలా కనిపించేవి కావు.

ఇక దారి. కేంద్ర ప్రభుత్వ క్రెష్ (పనికెళ్లే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) పథకాన్ని 2022 ఏప్రిల్ నుంచి ‘పాల్నా’ పేరుతో, మహిళల కోసం ఉన్న మిషన్ శక్తి కిందకి తెచ్చారు. అంగన్‌వాడీలోనే క్రెష్ కలిపి నడపడం అందులో ముఖ్యమైన ఏర్పాటు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలు, ఒక వర్కరు, ఒక హెల్పరు, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ఖర్చులో కేంద్ర ప్రభుత్వానిది 60 శాతం, మన రాష్ట్రాలది 40. డబ్బు రాష్ట్రం ద్వారానే రావాలి. కాబట్టి మీ సమాఖ్య తీర్మానం రాసి ముందు సీడీపీవోకి (ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారికి), అక్కడి నుంచి జిల్లా పీడీకి (ప్రాజెక్టు డైరెక్టర్‌కి) ఇవ్వండి. తీర్మానంతో పాటు ఆరేళ్లలోపు పిల్లల జాబితా, పుట్టిన తేదీలు, తల్లి పనివేళలు జతచేయండి. జాబితా లేని అర్జీకి ఆఫీసులో బరువుండదు, ఇది నా అనుభవం.

ఒక్క హెచ్చరిక. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని అంగన్‌వాడీ నుంచి లాగి మీ దగ్గర కూర్చోబెట్టకండి. వాళ్ల భోజనం, గుడ్డు, పాలు అక్కడ ఉన్నాయి. హాజరు పడిపోతే రేపు ఆ కేంద్రానికే ఎసరు వస్తుంది.

లెక్కల_మాస్టారు (తెనాలి):

ముందు కాగితం మీద లెక్క వేద్దాం. ఇరవై మంది పిల్లలు, రోజుకి 40 రూపాయలు, నెలకు 24 పనిదినాలు: 19,200. ఇద్దరు మనుషులకు తలా 7,000 ఇస్తే 14,000 పోయింది. మిగిలింది 5,200. తిండికి పిల్లాడికి రోజుకి 15 వేసుకున్నా 7,200 అవుతుంది. అద్దె, కరెంటు, గ్యాస్, సబ్బులు, ఫినాయిల్ ఇంకా మొదలే కాలేదు, మీరప్పటికే రెండు వేలు లోటులో ఉన్నారు.

ఇంకో సంగతి. మిర్చి పని తగ్గిన నెలల్లో పిల్లలు పది మందే వస్తారు. మనుషుల జీతం, అద్దె సగం కావు కదా. తల్లుల డబ్బుతోనే నడుస్తుందనుకుంటే మూడో నెలకి ఇద్దరిలో ఒకరిని తీసేస్తారు, ఆరో నెలకి తాళం పడుతుంది. పెట్టొద్దని అనడం లేదు. బయటి డబ్బు ఎంత కావాలో ముందే రాసుకుని దిగండి అంటున్నాను.

పాత_సీసీ_వెలుగు (మహబూబ్‌నగర్):

మాస్టారి లెక్క నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఉమ్మడి రాష్ట్రంలో ఐకేపీలో (ఇందిరా క్రాంతి పథంలో) సీసీగా, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు పోషకాహార కేంద్రాలు దగ్గరుండి చూశాను. సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద గ్రామ సమాఖ్యలే నడిపేవి. గర్భిణులు, బాలింతలు, పిల్లలు అక్కడే కూర్చుని తినేవాళ్లు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, తినే ఆడమనిషి ఖర్చులో తన వంతు తనే కట్టేది. ఆ రోజు డబ్బు లేకపోతే సమాఖ్య అప్పుగా రాసుకుని కూలి దొరికినప్పుడు కట్టించుకునేది. ఉచితం కాదు కాబట్టి కూర నీళ్లగా ఉంటే గట్టిగా అడిగేవాళ్లు.

నేను చూసిన ఊళ్లలో ఏవి నిలబడ్డాయంటే, సమాఖ్యకు వేరే ఆదాయం ఉన్నవి. ఒక ఊళ్లో అర ఎకరం కౌలుకు తీసుకుని కూరగాయలు వేశారు, కేంద్రానికి పోను మిగిలినవి అమ్మారు. పైనుంచి వచ్చే డబ్బు మీదే ఆధారపడ్డవి, పై డబ్బు ఆగిన రోజే ఆగిపోయాయి.

మీది టౌను కాబట్టి కౌలు భూమి కుదరదు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సమాఖ్య నిధిలో వడ్డీ ఆదాయం ఎంతుందో చూడండి. దాంట్లో కొంత వాటా కేంద్రానికి అని తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయించండి. నోటిమాటగా వదిలితే రేపు లీడరు మారగానే పోతుంది.

బాపట్ల_పెద్దాయన:

మా కాలంలో ఈ కేంద్రాలూ అవీ లేవు. ఇంట్లో నాయనమ్మ ఉండేది, పిల్లలు పెరిగారు. డబ్బిచ్చి ఎవరో ఒకరి చేతిలో పసిగుడ్డును పెట్టడం ఏమిటి?

ఎల్బీనగర్_అమ్మ:

నాయనమ్మ ఉన్నవాళ్లు ఈ ప్రశ్న అడగరు బాబాయ్. మా అత్తగారికే ఇంకా నలభై ఎనిమిది, ఆవిడా పనికి వెళ్తారు.

పైగా నాయనమ్మ ఉన్నా ఒక్క మనిషి రోజంతా నడకొచ్చిన పిల్లాడి వెనక పరిగెత్తగలదా? మోకాళ్ల నొప్పులావిడకు పిల్లాడిని అప్పజెప్పి ఫోన్ చేతిలో పెట్టి వెళ్లే ఇళ్లు మా అపార్టుమెంటులోనే బోలెడు.

సుగ్గి_బిడ్డ (కోసిగి):

నేను కర్నూలు జిల్లా పడమటి పక్క వాడిని. గుంటూరు అనగానే ఆగి చదివాను. మా కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని ఊళ్ల నుంచి ఏటా సుగ్గికి, అంటే కోతల కాలం వలసకి, గుంటూరు పక్కకే వస్తాం. పత్తి, ఆపైన మిరప కోత. ఇళ్లకు తాళం వేసి, ముసలివాళ్లను వదిలి, పిల్లాపాపలతో లారీ ఎక్కుతాం. పొలం గట్టున పట్టలు కప్పిన గుడిసెలో రెండు మూడు నెలలు.

బడి వయసు పిల్లలకు మా ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెడతారు. వాళ్లు అక్కడుంటారు. ఐదేళ్లలోపు వాళ్లకు అలాంటిదేమీ లేదు. మాతోనే వస్తారు, మిరప చేలో చెట్టు కింద చీర ఉయ్యాలలో ఉంటారు. మా ఊరి అంగన్‌వాడీ రిజిస్టర్‌లో పేరుంటుంది, మనిషి ఇక్కడ ఉండడు. ఇక్కడ మనిషి ఉంటాడు, పేరుండదు. వలస వెళ్లిన చోట కూడా ఇవ్వాలని రూలు ఉందంటారు. అడగడానికి మాకు కేంద్రం ఎక్కడుందో తెలియాలి కదా.

అక్కా, మీ కేంద్రం పెడితే మీ బస్తీ పక్కన గుడిసెలు వేసుకునే వాళ్ల పిల్లల్ని కూడా చూసుకుంటారా? మూడు నెలలే ఉంటారు, ఆ మూడు నెలలే మీకు రద్దీ. మావాళ్లలో కొంతమంది పిల్లలు కన్నడమే మాట్లాడతారు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఎర్రకల్లం:

తమ్ముడూ, నిజం చెప్తున్నాను, ఈ సంగతి మా మీటింగుల్లో ఒక్కసారి కూడా రాలేదు. వాళ్లు మా సంఘాల్లో సభ్యులు కారు. మావాళ్లు కొందరు ఒప్పుకోరు కూడా, ‘మన పిల్లలకే చోటు లేదు’ అంటారు. అడుగుతాను.

కార్మిక_వకీలు (విశాఖ):

డబ్బు ఎక్కడి నుంచి అనే మాట నడుస్తోంది కాబట్టి చట్టం సంగతి చెప్తాను.

1948 ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని ఉండేది. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టంలో 50 మందికి మించి మహిళలు ఉంటే అన్నారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి 50, ఆపైన ఉద్యోగులున్న సంస్థలకు క్రెష్ తప్పనిసరి చేశారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు అన్నారు. ఇవన్నీ ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లలో కలిశాయి, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్నాయి. క్రెష్ పెట్టాల్సిన సంఖ్యను 50 దగ్గరే ఉంచారు.

యజమానులు ఏం చేస్తారంటే, కూలీలను మేస్త్రీ పేరు మీద రాసి ‘మా దగ్గర పది మందే’ అంటారు. అందుకే ఒక్కొక్క కోల్డ్ స్టోరేజీతో విడివిడిగా పోట్లాడితే తేలదు. కానీ సామాజిక భద్రత కోడ్‌లో పనికొచ్చే మాట ఒకటుంది. కొన్ని సంస్థలు డబ్బు పోగుచేసుకుని ఉమ్మడిగా ఒక క్రెష్ నడుపుకోవచ్చు. మున్సిపాలిటీదో, స్వచ్ఛంద సంస్థదో అయినా వాడుకోవచ్చు. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కదా. నాలుగైదు కలిసి మీ కేంద్రానికి నెలనెలా ఇంత అని ఇస్తే వాళ్ల బాధ్యత తీరుతుంది, మీ లోటు పూడుతుంది. కార్మిక శాఖ అధికారిని ఆ మీటింగ్‌కు పిలవండి. ఆయన కుర్చీలో కూర్చుంటే చాలు, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

లెక్కల_మాస్టారు:

ఇది బాగుంది. నెలకు పదిహేను వేలు ఇలా వస్తే నా లెక్క మారిపోతుంది.

ఎల్బీనగర్_అమ్మ:

ఒక ప్రశ్న. యజమాని డబ్బిస్తే, ‘మా దగ్గరికి పనికి వచ్చేవాళ్ల పిల్లల్నే చూడాలి’ అనడా? రేపు తల్లి వేరే చోటికి పనికి మారితే పిల్లాడిని తీసేస్తారా?

కార్మిక_వకీలు:

అంటాడు. అందుకే ఒప్పందం సమాఖ్యకు, సంస్థలకు మధ్య ఉండాలి. పిల్లల చేరిక సమాఖ్య చేతిలోనే ఉంటుందని రాసుకోవాలి.

టీచరమ్మ_కరీంనగర్:

అంగన్‌వాడీ టీచర్‌ను. ‘ఏం నేర్పాలి’ అన్న ప్రశ్నను అందరూ వదిలేశారు, నేను పట్టుకుంటాను.

మూడేళ్లలోపు పిల్లలకు పాఠం అంటూ ఏమీ లేదు. మాట్లాడటమే పాఠం. అన్నం పెడుతూ ‘ఇది పప్పు, వేడిగా ఉంది, ఊదుకుందాం’ అంటే అందులో భాష ఉంది. బట్టలు మారుస్తూ చెయ్యి ఏది, కాలు ఏది అని అడిగితే అదీ భాషే. మీరు పెట్టుకునే ఇద్దరిలో ఒక్కరైనా వాగుడుకాయ అయి ఉండాలి. సరదాకు అనడం లేదు, నేనైతే ఆ ఒక్కటి చూసే తీసుకుంటాను. ఎంత శుభ్రంగా ఉన్నా, మూతి ముడుచుకుని కూర్చునే మనిషి దగ్గర పిల్లలు ఎదగరు.

మూడు దాటినవాళ్లకు కథ, పాట, ఆట. మట్టి, నీళ్లు, ఇసుక, ఖాళీ డబ్బాలు. గుజ్జనగూళ్లు, దాగుడుమూతలు, చెమ్మచెక్క చాలు. ఆకులు పెద్దవీ చిన్నవీ వేరు చేయమంటే అది లెక్క. ఏ రోజు ఏం చేయాలో రాసినవి కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన రెండు పుస్తకాలున్నాయి. మూడేళ్లలోపు వాళ్లకు ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ‘ఆధార్‌శిల’. మీ సెక్టార్ సూపర్‌వైజర్‌ను అడిగితే చూపిస్తారు.

ఇంకొకటి. భుజం చుట్టుకొలత టేపు ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే తీవ్రమైన పోషకాహార లోపం, వెంటనే ఏఎన్ఎంకు (ఊరి ఆరోగ్య కార్యకర్తకు) చూపించాలి. 12.5 లోపు ఉంటే కన్నేసి ఉంచాలి. నెలకోసారి కొలవడం మీ ఆయమ్మకు రెండు నిమిషాల పని.

శ్రీహర్ష_విజ్:

మేడమ్, మీరు చెప్పేది బాగుంది. కానీ వాస్తవం మాట్లాడుకుందాం. ఏబీసీడీలు, రైమ్స్ లేకపోతే తల్లిదండ్రులు డబ్బు కట్టరు. నా పెద్దవాడు మూడున్నరకే రాసేవాడు. కూలీ పిల్లలకు మట్టి, ఉన్నవాళ్ల పిల్లలకు ఇంగ్లీషు అంటే అది ఇంకో అన్యాయం.

టీచరమ్మ_కరీంనగర్:

మీ చివరి మాట నాకు గుచ్చుకుంది, దానికి జవాబు చెప్పాలి. ఉన్నవాళ్లు లక్షలు కట్టే స్కూళ్లలో ఇప్పుడు చూడండి, ఇసుక గుంత, నీళ్ల తొట్టి, చెక్క బొమ్మలే ఉంటాయి. మూడేళ్లకే నాలుగు గీతల పుస్తకం రాయించేది నడిమి ఫీజుల బళ్లలోనే. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది, అది ఆటతో సాగాలంది. పెన్సిల్ పట్టే బలం వేళ్లకు రాకముందు రాయిస్తే చేతికి నొప్పి, పుస్తకం అంటే భయం.

ఇంగ్లీషు పాట పాడితే తప్పేం లేదు, మేమూ పాడిస్తాం. రాయించడం దగ్గరే నా గొడవ.

శ్రీహర్ష_విజ్:

తల్లిదండ్రులకు ఆ మాట ఎవరు నచ్చజెప్తారు? అదే నా పాయింటు.

పాత_సూపర్‌వైజర్:

నెలకోసారి తల్లుల్ని ఒక గంట కూర్చోబెట్టి, పిల్లలు చేసేది వాళ్ల ముందు చేయించాలి. పిల్లాడు కథ మొత్తం తిరిగి చెప్తుంటే చూసిన తల్లి ఏబీసీడీ అడగదు. కొందరు అడుగుతారు, అడగనివ్వండి.

లలిత_మెల్‌బోర్న్:

ఇక్కడ చైల్డ్‌కేర్‌లో ఎడ్యుకేటర్‌గా చేస్తున్నాను. మా సెంటరు లాభం కోసం కాదు, తల్లిదండ్రుల కమిటీ నడుపుతుంది. అక్కడి పరిస్థితికి ఇక్కడిది అతకదు, అయినా రెండు విషయాలు పనికొస్తాయేమో.

మొదటిది పిల్లల సంఖ్య. మా విక్టోరియా రాష్ట్రంలో మూడేళ్లలోపు నలుగురు పిల్లలకు ఒక మనిషి ఉండాలి. మూడు దాటితే పదకొండు మందికి ఒకరు. ఇండియాలో 2013 ఈసీసీఈ (పసిపిల్లల సంరక్షణ, విద్య) పాలసీ చూస్తే మూడేళ్లలోపు పది మందికి ఒకరు, పైవాళ్లు ఇరవై మందికి ఒకరు అని ఉంది. నలుగురికి ఒకరిని మీరు పెట్టలేరు, తెలుసు. కానీ పాకే పిల్లలు పది మంది, ఒక్క మనిషి. ఒకరికి విరేచనం అయితే మిగతా తొమ్మిది మందిని చూసేది ఎవరు? అందుకే ఏడాదిలోపు వాళ్లను మొదట్లో ఇద్దరు ముగ్గురికి మించి తీసుకోకండి.

రెండోది, కొత్త పిల్లాడిని మొదటి రోజే రోజంతా వదలనివ్వం. తల్లి పక్కన ఉండగా కాసేపు, తర్వాత గంట, తర్వాత పూట. కూలి పోతుంది కాబట్టి మీ తల్లులకు ఇది కష్టం. పని తక్కువున్న నెలల్లో కేంద్రం మొదలుపెడితే ఆ వెసులుబాటు దొరుకుతుంది. సీజన్ రద్దీలో తెరవకండి.

కడప_నర్సు:

లలిత గారు మంచి మాట చెప్పారు. ఆరోగ్యం సంగతి నా వంతు.

పితికిన తల్లిపాలు మన ఎండల్లో బయట ఉంచొద్దు, చిన్న ఫ్రిజ్ ఉండాల్సిందే. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించొద్దు. ‘మా అత్త చెప్పింది’ అని తల్లి తెచ్చి ఇచ్చినా వద్దు. వేరుశెనగ గింజలు, గుగ్గిళ్లు, ద్రాక్షపళ్లు గింజగా, పండుగా చిన్నవాళ్లకు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. బోర్లాపడటం రాని పిల్లల్ని వెల్లకిలానే పడుకోబెట్టాలి.

మిర్చి పని చేసే తల్లులు వచ్చేటప్పుడు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగి, పైన చీరో చొక్కానో మార్చుకుని బిడ్డను ఎత్తుకోవాలి. దానికి గుమ్మం దగ్గరే కుళాయి పెట్టండి. పాలిచ్చే తల్లులకు ఇది మరీ ముఖ్యం.

దగ్గు మందుల విషయంలో గట్టిగా ఉండండి. పిల్లాడు దగ్గుతున్నాడు, ఈ సీసా మూత మధ్యాహ్నం పోయండి అని ఇచ్చిపోతారు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్లలోపు వాళ్లకు వాడొద్దని డ్రగ్ కంట్రోలర్ 2023 డిసెంబరులో చెప్పారు. డాక్టర్ చీటీ లేకుండా కేంద్రంలో ఏ మందూ పోయం అని గోడ మీద రాసి పెట్టుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఆటో_అన్న (నల్లపాడు):

నేను ఆ కూలీలను ఆటోలో తీసుకెళ్లేవాడినే. నాకు తోచింది రెండు మాటలు. సాయంత్రం పిల్లాడిని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి. తాగొచ్చిన తండ్రికి కూడా. ఎవరెవరు తీసుకెళ్లొచ్చో ఫోటోతో రాసి పెట్టండి. వంట గది, గ్యాస్ సిలిండరు పిల్లలున్న గదికి దూరంగా ఉండాలి.

పాత_సూపర్‌వైజర్:

రెండూ గట్టి మాటలు. 2004లో కుంభకోణంలో 94 మంది బడి పిల్లలు మంటల్లో పోయారు. ఆ మంట వంట పాక నుంచే మొదలైంది. మీ ఇంటికి రెండో తలుపు ఉందా చూసుకోండి. లేకపోతే ఆ ఇల్లు వద్దు, అద్దె ఎంత తక్కువైనా సరే.

పెట్టుకునే మనుషులకు పోలీసు వెరిఫికేషన్ చేయించండి. ఊరి మనిషే, తెలిసిన మనిషే అని వదలొద్దు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం చెబుతోంది. సర్దుబాటు చేసుకునే హక్కు సమాఖ్యకు లేదు.

ఇంకో మాట అడగక తప్పదు. వంట ఎవరు చేస్తారు? ‘ఫలానా ఆవిడ వండితే మా పిల్లాడు తినడు’ అనే మాట నేను పల్లెల్లోనూ విన్నాను, పట్నంలోనూ విన్నాను. చేర్చుకునే రోజే తేల్చి చెప్పండి: ఒకే వంట, ఒకే వరుస, అది ఇష్టం లేని వాళ్లకు చోటు లేదు. తర్వాత చెప్దాంలే అనుకుంటే ఆ తర్వాత రాదు.

బాపట్ల_పెద్దాయన:

ఇది మాత్రం సరైన మాట. నాకు మొదట ఇదంతా వ్యాపారంలా కనిపించింది. జీతం లేకుండా సేవాభావంతో చేసే ఆడవాళ్లను చూసుకోండి, ఖర్చు తగ్గుతుంది.

టీచరమ్మ_కరీంనగర్:

పెద్దాయనా, నమస్కారం. ఈ ‘సేవాభావం’ మాట మీదే మా జీవితాలు గడిచిపోతున్నాయి. 2023లో మా తెలంగాణలో టీచర్‌కు నెలకు 13,650, ఏపీలో 11,500, అక్కడ హెల్పర్‌కు 7,000. జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరులో మొదలుపెట్టి ఏపీ అక్కాచెల్లెళ్లు 42 రోజులు సమ్మె చేశారు, ఎస్మా (సమ్మెను నిషేధించే చట్టం) పెట్టినా కూర్చున్నారు. గ్రాట్యుటీ మాకూ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పేదాకా మమ్మల్ని ఉద్యోగులమని ఒప్పుకున్నవాళ్లు లేరు.

పది మంది తల్లులు కూలికి వెళ్లి సంపాదించుకోవాలని, ఆ పదకొండో ఆవిడ కూలి లేకుండా పిల్లల్ని కాయాలా? జీతం ఇవ్వలేకపోతే కేంద్రం పెట్టకండి.

బాపట్ల_పెద్దాయన:

సరేనమ్మా. ఆ కోణం నాకు తట్టలేదు.

లెక్కల_మాస్టారు:

టీచరమ్మ గారి మాట ప్రకారం మళ్లీ లెక్క వేస్తే, ఒకరికి 9,000, ఒకరికి 7,000 అనుకున్నా ఖర్చు ఇంకో రెండు వేలు పెరుగుతుంది. కోల్డ్ స్టోరేజీల డబ్బు రాకుండా మొదలుపెట్టొద్దు.

ఎర్రకల్లం:

అందరికీ దండాలు. ఆదివారం సమాఖ్య మీటింగులో ఇవన్నీ చదివి వినిపించాను. రెండు గంటలు అనుకున్నది నాలుగు గంటలు నడిచింది. తేలినవి చెప్తాను.

మూడు దాటిన పిల్లలు మామూలుగా అంగన్‌వాడీకే పోతారు. నాలుగింటికి మా ఆయమ్మ వెళ్లి వాళ్లను తీసుకొస్తుంది, తల్లి వచ్చేదాకా మా దగ్గర. రోజంతా ఉండేది మూడేళ్లలోపు వాళ్లే, మొదట పన్నెండు మంది, అందులో ఏడాదిలోపు ఇద్దరే. దీనికి కొందరు తల్లులు అలిగారు. పాల్నా అర్జీ సీడీపీవో ఆఫీసులో ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. అదొచ్చినా ఏడున్నర గంటలే అంటున్నారు కాబట్టి, సాయంత్రం వేళకు మా డబ్బు కావాల్సిందే.

కోల్డ్ స్టోరేజీ వాళ్లలో ముగ్గురిని కలిశాం. ఒకాయన సరే అన్నాడు, ఒకాయన మిగతావాళ్లు ఇస్తే ఇస్తా అన్నాడు, ఒకాయన మేస్త్రీని అడగమన్నాడు. వకీలు గారు చెప్పినట్టు కార్మిక శాఖాయనను పిలిచి ఇంకో మీటింగు పెడుతున్నాం. ఆ ఇంటికి రెండో తలుపు లేదు. వేరేది వెతుకుతున్నాం.

కోసిగి తమ్ముడూ, నీ మాట మీద చాలా గొడవైంది. చివరికి సీజన్‌లో నాలుగు చోట్లు సుగ్గి వాళ్ల పిల్లలకు అని రాశాం. నాలుగు చాలవని తెలుసు.

సుగ్గి_బిడ్డ:

నాలుగు ఉన్నా మేలే అక్కా. వచ్చే సుగ్గికి మా ఊరి నుంచి వచ్చే లారీల మేస్త్రీల నంబర్లు ఇస్తాను. ఎక్కడ దిగుతారో వాళ్లకు ముందే తెలుస్తుంది. కన్నడం వచ్చిన ఆడమనిషి ఒకరు మీ దగ్గర ఉంటే ఇంకా మంచిది.

లలిత_మెల్‌బోర్న్:

బొమ్మలకు నా వంతు పంపుతాను. ప్లాస్టిక్ వద్దు. ఏటికొప్పాక లక్క బొమ్మలు తెప్పించుకోండి, అంకుడు కర్ర, చెట్ల రంగులు, నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేదు. చిన్న చిన్న ముక్కలున్నవి మాత్రం తీసుకోకండి.

ఎర్రకల్లం:

సంతోషం లలితక్కా. ఇంకొక్కటి కావాలి. పిల్లల్ని చేర్చుకునేటప్పుడు తల్లిదండ్రులతో రాయించుకునే అంగీకార పత్రం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. మందులు, తీసుకెళ్లే మనిషి, భోజనం, డబ్బు కట్టే రోజు అన్నీ అందులో ఉండాలి.

కార్మిక_వకీలు:

నేను ఒకటి రాసి రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతాను. ఒక పేజీ దాటదు, చదవడం రాని వాళ్లకు చదివి వినిపించినట్టు సాక్షి సంతకానికి కూడా చోటు పెడతాను. తల్లిది ఒక్కటే కాకుండా తండ్రి సంతకం కూడా తీసుకోండి.

ఆటో_అన్న:

పెద్ద అక్షరాల్లో రాయండి సార్. మేమూ చదవాలి.